స్కారే ఇంటి తోడు

నవంబరు మొదటి శనివారం మధ్యాహ్నం స్కారే వారి పొయ్యింట్లో బీరు రుచి చూడడానికి కూర్చున్నవారు నలుగురు. గిన్నె తిరిగే వరుసలో వారిని పేర్కొనాలంటే, పొయ్యికి దగ్గరగా, కొండ మీద అన్నింటికంటే ఎత్తున ఉన్న పొలం యజమాని, ఎనభై నాలుగేళ్ల ష్యూర్. ఆయనకు ఎడమ పక్కన ఆతిథేయి తోర్గిల్స్ స్కారే, ఎయిక్‌దాల్ లోయలోని బడిలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి ప్రధానోపాధ్యాయుడిగా విరమించినవాడు. ఆయన పక్కన లోయంతా ఉత్తరాలు పంచే ఓడ్‌మున్. చివర, తలుపు దగ్గర, వాగు ఒడ్డు పొలం ఎల్‌బ్యోర్గ్. ఈ వరుస వయసును బట్టి వచ్చినది కాదు, చదువును బట్టి అంతకన్నా కాదు. ఎవరి పొలం ఎంత ఎత్తున ఉంటే వారికి అంత ముందు గిన్నె అందాలి. నీళ్లు పైనుంచి కిందికి పారుతున్నప్పుడు బీరు మాత్రం ఎందుకు ఎదురెక్కాలి అని పూర్వులు అనుకొని ఉంటారు.

శరత్తులో కాచిన బీరును ప్రతి ఇంటివారు ఒక కూజాడు తెచ్చి, నలుగురూ తాగి, తీర్పు చెప్పుకోవడం ఆ లోయలో ఎప్పటినుంచో ఉన్నదే. తన బీరు గిన్నె ఒక చుట్టు పూర్తిగా తిరిగేదాకా కాచినవారు నోరు విప్పరాదు. తీర్పుకు వాడే మాటలు చాలా తక్కువ. అన్నిటికన్నా పెద్ద మెప్పు "చెడ్డది కాదు" అన్నది. బాగా లేని బీరును బాగా లేదని ఎవరూ అనరు. దానికి బదులు కూజా నగిషీని మెచ్చుకుంటారు, లేదా గిన్నె చెక్కను. మరీ ఏమీ మిగలనప్పుడు "నీళ్లు మంచివి" అంటారు. ఆ మాట అనిపించుకున్న ఇంట్లో ఆ చలికాలమంతా బీరు గురించి మాట్లాడుకోరు.

ఇక తోడు సంగతి. పెరుగుకు తోడెలాగో ఆ లోయలో బీరుకు అలాంటిదే ఒకటి ఇంటింటా ఉంటుంది. పొంగుతున్న తొట్టి మీది నురగను తీసి, గుడ్డ మీద ఆరబెట్టి, పిండిసంచిలో దాచి, మరుసటి ఏడు గోరువెచ్చని బార్లీ రసంలో నలిపి వేస్తారు. దానిని వారు క్వెయిక్ అంటారు. ఆరిన పొయ్యిని తిరిగి రాజేయడానికి కూడా వారి యాసలో అదే మాట. పొయ్యి ఆరితే పొరుగింటికి వెళ్లి నిప్పు తెచ్చుకున్నట్టే, తోడు చెడితే పొరుగింటికి వెళ్లి తోడు తెచ్చుకుంటారు. ఇయ్యడం, పుచ్చుకోవడం అన్ని ఇళ్ల మధ్యా ఉన్నది, స్కారే ఇల్లు తప్ప. ఇతరులు తమ తోడును సరిగా చూసుకోరనీ, దేనిలోనో కలిపి చెడగొట్టి ఆపైన స్కారే పేరు చెబుతారనీ తోర్గిల్స్ నమ్మాడు. ఇంటి పెత్తనం తన చేతికి వచ్చిన నాటినుంచి ఒక్క చిటికెడు కూడా గుమ్మం దాటనీయలేదు. బయటి చిటికెడును లోపలికి రానీయలేదు కూడా.

మొదట ష్యూర్ కూజా వంచారు. పొగ వాసనతో, నల్లగా, చిక్కగా ఉన్నది. గిన్నె ఒక చుట్టు తిరిగి వచ్చింది.

"పెద్దాయనా, నిరుడు మీ బీరు తాగి కొండ దిగుతుంటే నా మోపెడ్ ఒక్కటే ఇల్లు చేరింది. నేను తెల్లారి చేరాను," అన్నాడు ఓడ్‌మున్.

"మోపెడ్‌కి బుద్ధుందిరా. ఎక్కడ ఆగాలో తెలుసు దానికి."

"చెడ్డది కాదు," అన్నది ఎల్‌బ్యోర్గ్ చివరగా. తోర్గిల్స్ కూడా అదే మాట, ప్రతి అక్షరమూ స్పష్టంగా, పలికాడు. ష్యూర్ గొంతు సవరించుకొని, ఎండిన గొర్రెమాంసం ముక్క ఒకటి పల్చని రొట్టెలో చుట్టుకొని నమలసాగాడు. సంతోషం కలిగితే తినడం ఆయన అలవాటు.

తరువాత ఆతిథేయి కూజా. తోర్గిల్స్ దానిని తానే ఎత్తి గిన్నెలో పోశాడు. కిటికీ వెలుతురులో బీరు పాలిపోయిన బంగారంలా, అడుగు కనబడేంత తేటగా నిలిచింది. ష్యూర్ తాగాడు. కొంతసేపు పొయ్యి వంక చూశాడు. గిన్నెను రెండు చేతులతో పక్కకు అందించాడు.

"నీళ్లు మంచివి, తోర్గిల్స్," అన్నాడు మెల్లగా.

బీరులో ఘాటు కోసం వేసే జునిపర్ కొమ్మ, గోడకు ఆనించినది ఒకటి, తనంతట తాను జారి నేల మీద పడింది. ఎవరూ తీయలేదు. ఓడ్‌మున్ ఆత్రంగా గిన్నె అందుకొని తాగాడు.

"అదేంటి పెద్దాయనా, అంత మాట! తప్పేముంది ఇందులో? నిజంగా అడుగుతున్నా. పుల్లగా లేదు, వాసన లేదు, మడ్డి లేదు. మాస్టారూ, ఇది తప్పుల్లేని వ్యాసం లాంటిదండీ. నూటికి నూరు వెయ్యొచ్చు." నాలుకతో పెదవులు తడుముకున్నాడు. "ఏం రాసుందో మాత్రం గుర్తుండట్లేదు."

"ఓడ్‌మున్," అన్నది ఎల్‌బ్యోర్గ్.

"నేను మెచ్చుకుంటున్నానే!"

"నీ మెప్పు కంటే ఆయన తిట్టే నయం. ఇటియ్యి." ఆమె తాగి, "తేటగా ఉంది," అని మాత్రం అన్నది. అది మెప్పో కాదో ఆ లోయ భాషలో ఎవరికీ తెలియదు.

నియమం ప్రకారం ఇప్పుడు తోర్గిల్స్ మాట్లాడవచ్చు. కాని ఆయన కూజాకు మూత బిగించాడు. ష్యూర్ తప్పు చెప్పలేదని ఆయనకు తెలుసు. నిరుడు కలిగిన అనుమానం నిజమేనని వారం క్రితం తొట్టి దగ్గర ఒంటరిగా నిలబడి మొదటి గుక్క తాగినప్పుడే తెలిసింది. ఆ తెలిసినదానికి "శుభ్రత" అని పేరు పెట్టుకొని పైకి వచ్చాడు.

జరిగినది ఇది. రెండేళ్ల క్రితం ఆయన చందా కట్టే ఒక ఇంగ్లీషు పత్రికలో, పల్లెటూళ్ల తోడులలో ఏమేమి ఉంటాయో పరీక్షించవచ్చునని ఒక వ్యాసం వచ్చింది. ఆయన చిటికెడు తోడును కవరులో పెట్టి, చక్కని చేతివ్రాతతో ఒక ఉత్తరం జతచేసి, రాజధానిలోని ఒక ప్రయోగశాలకు పంపాడు. ఆరు వారాలకు జవాబు వచ్చింది: మీ తోడులో తొమ్మిది వేర్వేరు ఈస్టు జాతులున్నవి, వాటితోపాటు కొన్ని ఇతర సూక్ష్మజీవులు కూడా ఉన్నవి, మీకు అవసరమైతే ఏదైనా ఒక జాతిని వేరుచేసి పంపగలము. తొమ్మిది! ఆయనకు ముందు కలిగినది సిగ్గు. తన ఇంటి పేరు మోస్తున్నది ఒక్కటి కాదు, తొమ్మిదింటి కలగాపులగం అన్నమాట. జాబితాలో నాలుగవది అన్నింటికన్నా చురుకైనదీ, వాసన లేనిదీ అని వ్రాసి ఉన్నది. స్కేలు పెట్టి దాని కింద గీత గీసి పంపాడు.

గాజుగొట్టంలో అది వచ్చిన రోజున తొట్లు అన్నీ మరిగే నీళ్లతో కడిగాడు. పాత పిండిసంచిని, ఏటా నురగలో ముంచి దూలానికి వేలాడదీసే చెక్కవలయాన్ని, దాని సందుల్లో తాతల నాటినుంచి పేరుకున్న ఎండు నురగతో సహా, ఇదే పొయ్యిలో వేశాడు. ఒక్క చిటికెడైనా విడిగా ఉంచుకోవాలని తోచలేదు. ఒప్పు ప్రతి సిద్ధమైన తరువాత తప్పుల ప్రతిని దాచుకోవడం ఆయన జీవితంలో ఎన్నడూ చేయని పని. గున్‌వోర్ బతికి ఉంటే పొయ్యికి అడ్డంగా నిలబడేది. కాని ఆయన భార్య అప్పటికే పోయి రెండేళ్లయింది.

ఓడ్‌మున్ కూజా ఎప్పుడు వంచారో ఆయన గమనించలేదు. నోటికి ఘాటుగా ఏదో తగిలింది. ఆ గిన్నె చుట్టు కూడా పూర్తయింది.

"ఇది తాగుతున్నానా, అడవిలో దారి తప్పానా?" అంటున్నాడు ష్యూర్. "ఎన్ని కొమ్మలు వేశావురా?"

"మూడు. నాలుగు. పెద్దవి."

"గిన్నె చెక్క బాగుంది."

"పెద్దాయనా! అది మాస్టారి గిన్నె!"

"అందుకే బాగుంది."

ఎల్‌బ్యోర్గ్ నవ్వి, నవ్వు ఆపుకొని, తన కూజా మీద కట్టిన గుడ్డ విప్పింది. ఆమె చేతులు ఒక క్షణం కూజా మూతి మీదే ఆగాయి. ఏదో చెప్పబోతున్నట్టు తోర్గిల్స్ వంక చూసింది. నియమం గుర్తుకు వచ్చినట్టు మౌనంగా పోసింది.

ష్యూర్ తాగాడు. వెంటనే మింగలేదు. మింగిన తరువాత, చుట్టు పూర్తికాకుండానే, రెండవ గుక్క తీసుకున్నాడు. అలా చేయరాదు, ఎనభై నాలుగేళ్లలో ఆయన అలా చేయడం ఎవరూ చూడలేదు. గిన్నెను పక్కకు జరిపాడు. పొయ్యినే చూస్తూ జరిపాడు.

తోర్గిల్స్ గిన్నెను ముఖం దగ్గరికి తెచ్చేసరికి నారింజ తొక్క వాసన వచ్చింది. దాని కింద వాన వెలిసిన తరువాతి పుట్టగొడుగు వాసన, ఆ కింద తేనె. నాలుక మీద మొదట తీపి, వెనుకనుంచి నెమ్మదిగా, వచ్చే దారి తెలిసినదానిలా, ఒక చిరుచేదు. బీరు కాచే రోజున తల్లి ఏప్రన్ ఇదే వాసన వేసేది. గున్‌వోర్ చేతులు క్రిస్మస్ దాకా ఇదే వాసన వేసేవి. తొమ్మిదీ ఉన్నవి. ఆయన లెక్కపెట్టలేదు, అయినా తెలిసింది.

"ఇది మా ఇంటిది," అన్నాడు.

నియమం రెండవసారి తప్పింది; తాగినవారు తీర్పు చెప్పాలి గాని బీరు ఎవరిదో అనరాదు. ఓడ్‌మున్ కూజా వంకా, ఎల్‌బ్యోర్గ్ వంకా మార్చి మార్చి చూశాడు.

"ఇది స్కారే తోడు," అన్నాడు తోర్గిల్స్ మళ్లీ, ఈసారి లేచి నిలబడి. "నా గుమ్మం దాటి ఒక్క చిటికెడు పోలేదు. పోయిందంటే దానిని దొంగతనం అంటారు. నీకు ఆ మాటకు అర్థం నేనే నేర్పాను, ఎల్‌బ్యోర్గ్."

"నేర్పారు మాస్టారూ. వర్ణక్రమం కూడా నేర్పారు." ఆమె లేవలేదు. "కానీ ఇది దొంగతనం కాదు. గున్‌వోరమ్మ ఇచ్చింది."

పొయ్యిలో కట్టె పక్కకు ఒరిగింది.

"మా నాన్న పోయినప్పుడు. పంతొమ్మిదేళ్లయింది, మార్చి నెల. దినాల బీరు తొమ్మిది రోజుల్లో కావాలి, మా తోడేమో పుల్లబడిపోయింది. ఓడ్‌మున్ వాళ్లదీ అప్పటికి నిండుకుంది, పెద్దాయన దగ్గరికి పోదామంటే కొండదారి మంచుతో మూసుకుపోయింది. మీ గుమ్మంలోకే వచ్చాను. మీరు లేదన్నారు. చాలా మర్యాదగా అన్నారు లెండి, నాకు కుర్చీ కూడా వేశారు."

తోర్గిల్స్‌కు ఆ కుర్చీ గుర్తున్నది. తాను వాడిన వాక్యం కూడా గుర్తున్నది. అందులో వ్యాకరణదోషం ఏదీ లేదు.

"నేను వాగు దాకా దిగాను. గొర్రెలకొట్టం వెనకనుంచి ఆవిడ పరిగెత్తుకుంటూ వచ్చింది, తలకి గుడ్డైనా లేకుండా. పాత ఉత్తరం కవరులో మూడు చెంచాలు. 'ఆయనతో అనకు. ఆయనకి అవసరం పడితే తప్ప ఎప్పుడూ అనకు' అంది. నేను అనలేదు. ఏటా రెండు తొట్లు కాస్తాను. మా తోడుతో కాసింది ఇక్కడికి తెస్తాను. మీ తోడుతో కాసింది ఇంట్లో మేమే తాగుతాం, తలుపులేసుకుని. మా ఆయన విసుక్కుంటాడు, ఇంత మంచిది దాచిపెట్టి అంత మామూలుది మోసుకుపోతావేంటని."

"నాకు ఆ తలుపు కొట్టాలని ఎందుకు తట్టలేదో!" అన్నాడు ఓడ్‌మున్. "పంతొమ్మిదేళ్లు ఆ గుమ్మంలో ఉత్తరాలిచ్చి కాఫీ తాగి పోతున్నాను! కాఫీ!"

"నిరుడు మాస్టారి బీరు తాగాక నాకు మనసు మనసులో లేదు," అన్నది ఆమె, ఓడ్‌మున్ మాట విననట్టు. "అవసరం పడిందో లేదో నాకు తెలీదు. అడగలేను కదా. అందుకని పోసి తెచ్చాను. అంతే."

"మరి ఆ తోడేదో తిన్నగా తెచ్చి చేతిలో పెట్టొచ్చుగా?"

"నోరు ముయ్యరా," అన్నాడు ష్యూర్, కోపం లేకుండా. "అడక్కుండా తోడివ్వడమంటే, నీ పొయ్యి ఆరిపోయిందని వీధిలో నిలబడి అరవడమే. అడగాలి. అడిగేవాడు లేచి నిలబడి, తనది ఎలా పోయిందో నలుగురిలో చెప్పి అడగాలి. జబ్బేదో తెలీకపోతే ఇచ్చింది కూడా దాంతోనే చస్తుంది. మా అమ్మ ఒకసారి అడిగింది. సున్నం నీళ్లతో తొట్టి కడిగానని చెప్పుకుంది పాపం, ఎర్రగా కందిపోయి."

ముగ్గురూ తోర్గిల్స్ వంక చూడలేదు. చూడకపోవడమే ఆ లోయలో మర్యాద.

ఆయన కట్టెలు తెచ్చే నెపం మీద బయటికి వెళ్లాడు. శిఖరం మీద మంచు అప్పుడే గులాబి రంగుకు తిరుగుతున్నది. ఆ నెలలో సూర్యుడు మూడు గంటలకే సెలవు తీసుకుంటాడు. తోడును ఎలుకలు తిన్నాయని చెప్పవచ్చు. ఎవరూ సందేహించరు; ఎలుకలు తినని పిండిసంచి ఆ కొండ మీద లేదు. చూరు కారి తడిసిందన్నా చాలును. ఆ రెండు వాక్యాలనూ ఆయన మనసులో నిర్మించి చూశాడు. రెండూ కుదురుగా వచ్చాయి. అవి చెబితే తోడు వస్తుంది, పరువు నిలుస్తుంది. ఇంకొక ముప్పై ఏళ్లకు ఈ ఇంట్లోనో పక్క ఇంట్లోనో చదువుకున్నవాడు ఒకడు ఏదో పత్రిక చదివి, ఒకే ఒక్క జాతిని ఏరుకొని, మిగిలినదానిని పొయ్యిలో వేస్తాడు. అలా వేయరాదని అతడికి చెప్పినవారు ఎవరూ ఉండరు.

కట్టెలు లేకుండానే లోపలికి వచ్చాడు. కూర్చోలేదు.

"నా తోడు చెడలేదు," అన్నాడు. "నేను చంపాను."

ప్రయోగశాల సంగతి చెప్పాడు. తొమ్మిది జాతుల జాబితా, నాలుగవదాని కింద స్కేలు పెట్టి గీసిన గీత, పిండిసంచి, చెక్కవలయం, పొయ్యి, ఏదీ వదలలేదు. వాక్యాలు ఎప్పటిలాగే పూర్తిగా, కర్త కర్మ క్రియలతో వచ్చాయి.

తరువాత ఓడ్‌మున్ భుజాలు కదలడం మొదలైంది.

"క్షమించండి మాస్టారూ... అంటే... తొమ్మిదిమంది పిల్లలున్న తరగతిలో ఎనిమిదిమందిని ఇంటికి పంపేసి, ఫస్టు మార్కుల వాడొక్కడితో సమూహగానం పాడించారన్నమాట!"

ష్యూర్ పగలబడి నవ్వాడు. నవ్వు దగ్గుగా మారింది, ఎల్‌బ్యోర్గ్ ఆయన వీపు తట్టవలసి వచ్చింది. తోర్గిల్స్ ముఖం మొదట బిగుసుకున్నది. ఆ తరువాత తనకు తెలియకుండానే నోటి చివర కొంచెం సడలింది. ఆ పోలికలో తప్పు ఎక్కడా దొరకలేదు ఆయనకు.

"తొట్టిలో తోడు వేసేటప్పుడు అరిచారా కనీసం?" అని అడిగాడు ష్యూర్, కళ్లు తుడుచుకుంటూ. తోడు వేస్తూ తొట్టిలోకి గట్టిగా కేక పెట్టాలని, లేకపోతే బీరు మందకొడిగా తయారవుతుందని వారి నమ్మకం.

"లేదు. అది మూఢనమ్మకం."

"చూశారా! ఆ ఉన్న ఒక్కడు కూడా నిద్రపోయుంటాడు."

"ఇక అడగండి మాస్టారూ," అన్నది ఎల్‌బ్యోర్గ్. ఆమె మాత్రం నవ్వడం లేదు. "ఒక మాట. ఐదో తరగతిలో మా అమ్మ బీరు కాయడం గురించి వ్యాసం రాశాను. క్వెయిక్ అని రాస్తే ఎర్రసిరాతో కొట్టేసి, పైన పుస్తకాల మాట రాశారు. నాలుగుచోట్ల. పుస్తకాల మాటతో అడిగితే నా దగ్గర అది లేదు."

తోర్గిల్స్ చొక్కా గుండీ సరిచూసుకున్నాడు. ఆ మాటను ఆయన చిన్నప్పుడు ఇంట్లో రోజూ విన్నాడు, పెద్దయ్యాక ఒక్కసారి కూడా పలకలేదు.

"నాకు క్వెయిక్ కావాలి, ఎల్‌బ్యోర్గ్," అన్నాడు, ఆ లోయ యాసలో, రెండవ అక్షరాన్ని ఆ లోయవారు సాగదీసినట్టే సాగదీసి. "దయచేసి ఇవ్వు."

ఆమె కోటు లోపలి జేబులోనుంచి చిన్న జామ్ సీసా తీసింది. సీసాలో గోధుమరంగు రేకులు గలగలలాడాయి.

"తెచ్చావా?" అన్నాడు ఓడ్‌మున్.

"అడక్కపోతే తిరిగి పట్టుకుపోయేదాన్ని." సీసాను ఆయన చేతికి ఇవ్వకుండా పట్టుకునే ఉంది. "ఇంకొక్కటుంది మాస్టారూ. ఇకనుంచి ఎవరు వచ్చి అడిగినా..."

"లేదనను."

"కుర్చీ వేసి కూడా లేదనకూడదు."

"ఏ విధంగానూ అనను."

సీసా చేతులు మారింది. తోర్గిల్స్ దానిని వెంటనే అల్మరాలో పెట్టలేదు. బల్ల మీద మూడు కాగితాలు పరచి, మూత తీసి, ఒక్కొక్క కాగితం మీద ఒక్కొక్క చెంచా వేశాడు. చెంచా అంచును వేలితో సమం చేస్తూ వేశాడు, ఎక్కువ తక్కువలు రాకుండా. ఒక కాగితం మడిచి ష్యూర్‌కు ఇచ్చాడు, ఇంకొకటి ఓడ్‌మున్‌కు. వారు అడగలేదని ఎవరూ ఆయనకు గుర్తుచేయలేదు. ఓడ్‌మున్ ఆ పొట్లాన్ని ఉత్తరాల సంచిలో కాక టోపీలో పెట్టుకున్నాడు. మూడవ కాగితాన్ని తోర్గిల్స్ తన ముందు ఉంచుకొని, సీసాను ఎల్‌బ్యోర్గ్‌కే తిరిగి ఇచ్చాడు.

"తీర్పు ఇంకా చెప్పలేదు," అన్నాడు ష్యూర్. "చుట్టు పూర్తికాలేదు."

గిన్నె ఓడ్‌మున్ దాకా, అక్కడినుంచి ఎల్‌బ్యోర్గ్ దాకా వెళ్లింది. ష్యూర్ "చెడ్డది కాదు" అన్నాడు. ఓడ్‌మున్ "అస్సలు చెడ్డది కాదు" అన్నాడు; ఆ లోయలో అంత పొగడ్త ఎవరూ ఎరుగరు, కనుక అతడిని మందలించారు. తోర్గిల్స్ వంతు వచ్చింది. బడి సెలవులు ప్రకటించే రోజున నిలబడినట్టుగా, చేతులు పక్కన ఉంచుకొని, నిటారుగా నిలబడ్డాడు.

"స్కారే ఇంటి యజమానిగా, ఇక్కడున్న ఇద్దరు పొరుగువారి సాక్షిగా, ఈ సంగతి తెలియజేస్తున్నాను. నేను లేదని పంపివేసిన మనిషి, నా భార్య చేతినుంచి మూడు చెంచాల క్వెయిక్ అందుకొని, ఇచ్చిన మాటను పంతొమ్మిదేళ్లు నిలుపుకొని, ఎవరి మెప్పూ ఆశించకుండా ఏటా ఒక తొట్టి అదనంగా కాచి, నేను కాల్చివేసినదానిని బతికించింది. ఆ పని చేసినది వాగు ఒడ్డు పొలం ఎల్‌బ్యోర్గ్. ఇందుకు స్కారే ఇల్లు ఆమెకు కృతజ్ఞత తెలుపుకొంటున్నది."